కట్టడమే గాని పట్టడం లేదు

"మీ బావగారు నదిలో పోయారటే."

అక్కయ్య ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నేను ఇడ్లీకి పప్పు రుబ్బుతున్నాను. మిక్సీ చప్పుడులో సరిగ్గా వినబడలేదేమోననుకుని "ఏ నదిలో?" అన్నాను. అడగవలసిన ప్రశ్న అదా? ఏమైంది, ఎలా అయింది అని కదా ఎవరైనా అడుగుతారు! నా బుర్రకి చావు మాట ఎక్కలేదు, నది మాట ఎక్కింది. ఆయనకు ఈత రాదు. ఎవరింట్లోనైనా స్విమ్మింగ్ పూల్ ఉంటే దానికి ఆమడ దూరంలో కుర్చీ వేసుకుని, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి. అలాంటి మనిషికి నదితో ఏం పని?

"ఉత్తరాన గ్రేలింగ్ అనే ఊరి దగ్గరట. అక్కడి పోలీసులు ఫోన్ చేశారు. గుండె ఆగిపోయిందట," అంది. ఇంతవరకూ ఆవిడ గొంతు వణకలేదు. "ఫిషింగ్ చేస్తున్నారటే," అన్నప్పుడు మాత్రం బొంగురుపోయింది. "ఫిషింగ్ ఏమిటే? మీ బావగారు ఫిషింగ్ చేయడమేమిటే?"

నాకు మిక్సీ ఆపాలని కూడా తోచలేదు. నెల కావస్తోంది, ఇప్పటికీ మిక్సీ వేసినప్పుడల్లా ఆ ఫోనే చెవిలో మోగుతుంది. ఆయన్ని గురించి నాలుగు మాటలు రాసుకుంటే గాని మనసు కుదుటపడేలా లేదు.

ఆవిడ నా తోబుట్టువు కాదు. డెబ్భైల చివర నేను పెళ్ళై మిషిగన్ వచ్చిన కొత్తలో మేమూ వాళ్ళూ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. ఆవిడదీ తెనాలి వైపేనని తెలియగానే అక్కయ్యా అనేశాను. ఆవిడ అక్కయ్య అయితే ఆయన బావగారే కదా. నాకు సొంత అక్కలు లేరు. బావగారిని ఆటపట్టించే ముచ్చట తీరకుండానే విమానం ఎక్కాను, ఆ ముచ్చటంతా ఈయన మీద తీర్చుకున్నాను. ఆయన కార్ల సీట్లకు వేసే గుడ్డ ఎన్నాళ్ళు మన్నుతుందో పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేవారు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరికి జారి ఉండేది. దాని పైనుంచి మనల్ని చూస్తూ మాట్లాడేవారు.

ఆయన ఈగల సంగతి నాకు తెలిసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. వాళ్ళు ఇల్లు కొనుక్కుని అపార్ట్‌మెంట్ వదిలి వెళ్ళిన మరుసటి ఏడు అనుకుంటాను. డెట్రాయిట్ చుట్టుపక్కల లేఆఫ్ అన్న మాట వినని రోజు లేదు. ఒక పనిరోజు మధ్యాహ్నం అక్కయ్యకు ఫోన్ చేస్తే మాటల మధ్యలో బావగారు ఇంట్లోనే ఉన్నారని తెలిసింది. ఏం చేస్తున్నారని అడిగాను.

"ఏముంది, బేస్‌మెంట్‌లో కూర్చుని ఈగలు కట్టుకుంటున్నారు," అంది.

నేను తెలుగుదాన్ని. ఈగలు అన్న మాట పక్కన మగవాడు కనిపిస్తే 'తోలుకోవడం' తప్ప నాకు వేరే మాట తోచదు. 'కట్టుకుంటున్నారు' అని వినబడినా, పాపం మొగుడి ఉద్యోగం పోయిందని నోటితో చెప్పలేక ఆవిడ నాలుక తడబడిందనుకున్నాను. సాయంత్రం మావారికి చెప్పాను. మావారు ఇంకో ఇద్దరికి చెప్పారు. శనివారానికల్లా మూడు జంటలం పులిహోర, పెరుగు వడలు పట్టుకుని, మొహాలు వేలాడేసుకుని వాళ్ళింటి ముందు దిగాం. అక్కయ్య ఆశ్చర్యపోయింది. బావగారు మాత్రం ఎదురొచ్చి సంబరంగా లోపలికి తీసికెళ్ళారు. మేమంతా ఆయన ఈగల్ని చూడ్డానికే వచ్చామని ఆయన నమ్మకం.

"అందరికీ వచ్చేదేనండీ. ధైర్యంగా ఉండాలి," అన్నారు మావారు సోఫాలో కూర్చోగానే.

"ధైర్యం ఎందుకండీ? ఓపిక ఉండాలి. చూపు ఆనాలి," అన్నారు బావగారు.

"ఎన్నాళ్ళ నుంచీ?"

"క్రిస్మస్ నుంచీ. మొదట్లో రోజుకి ఒకటి కూడా కుదిరేది కాదు. ఇప్పుడు ఫరవాలేదు."

మావారు నావైపు చూశారు, నేను నేలవైపు చూశాను. "పోనీ వేరే చోట ట్రై చేయకపోయారా?"

"కిచెన్ టేబుల్ మీద ట్రై చేశాను. మీ వదినగారు ఒప్పుకోలేదు. బేస్‌మెంట్‌లోకి తోలేసింది. రండి చూపిస్తాను," అని లేచారు.

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ మెట్లు దిగాం. దిగాక నాకు నిజంగానే కళ్ళు తిరిగాయి. ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇల్లది. పైన వంటింటి పక్కన పెరుమాళ్ళ అర, పొద్దునా సాయంత్రం దీపం. కింద బేస్‌మెంట్ గోడకి మేకులు కొట్టి వరసగా కోడి మెడల తోళ్ళు వేలాడుతున్నాయి, ఈకలతో సహా. నల్లవి, గోధుమ రంగువి, బూడిద రంగువి. ఒక సీసాలో జింక తోక. ఇంకో సీసాలో కుందేలు బొచ్చు. మాతో వచ్చిన ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. వాసనేం లేదు, కర్పూరం ఉండల వాసన తప్ప. బల్ల అంచుకి చిన్న ఇనుప బిగింపు, దాని నోట్లో గింజంత గాలం, దానికి సగం కట్టిన ఈగ.

అక్కడి వాళ్ళు వాటిని 'ఫ్లైస్' అంటారని, చేపల్ని మోసం చేయడానికి గాలం మీద ఈకా దారం చుట్టి పురుగులా కనబడేట్టు కడతారని, పట్టే సరదా కన్నా కట్టే సరదా పెద్దదని ఆయన మాకు అరగంట చెప్పారు. ల్యాబ్‌లో పక్క బల్ల దగ్గర ఒక తెల్లాయన లంచ్ టైమ్‌లో కడుతుంటే చూసి నేర్చుకున్నారట. ఆయన రిటైరై ఉత్తరాన గ్రేలింగ్‌లో గాలాల కొట్టు పెట్టుకున్నాడు. ఈయన కట్టినవి తీసికెళ్ళి ఆ కొట్లో ఇచ్చి, బదులు ఈకలూ తోళ్ళూ తెచ్చుకునేవారు. ఉద్యోగం నిక్షేపంగా ఉంది, ఆ వారం ప్లాంటుకి సెలవంతే. పులిహోర మాత్రం వృథా పోలేదు.

ఆ రోజే నేను అక్కయ్యను వంటింట్లో పట్టుకుని, ఇన్ని కోళ్ళ మెడలు ఇంట్లో ఎలా పెట్టనిచ్చావని అడిగాను.

"ఇష్టమై పెట్టనిచ్చానా? మూడు రోజులు మాట్లాడలేదు," అంది. "స్వామివారి మొదటి అవతారమే చేప. దాన్ని గాలానికి గుచ్చే పని మా ఇంట్లోనా అన్నాను. అప్పుడు దీపం ముందు నించుని మాటిచ్చారు. కట్టడమే గాని పట్టడం లేదని. మీ బావగారు ఇచ్చిన మాట తప్పరు."

ఈ మాట ఆ తరవాత ఆయనకు ఊతపదం అయిపోయింది. పార్టీల్లో ఎవరైనా 'ఈ వీకెండ్ ఎన్ని చేపలండీ' అంటే చేయి అడ్డంగా ఊపి, 'కట్టడమే గాని పట్టడం లేదు' అనేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు. "మీరు కట్టిన వాటితో ఇంకోళ్ళు పడుతున్నారు కదా బావగారూ, ఆ పాపం ఎవరి ఖాతాలో?" అంటే, కళ్ళజోడు పైనుంచి చూసి, "అమ్మాయ్, లా చదవాల్సిన దానివి," అనేవారు. ఆయన దగ్గర జవాబు లేదన్న సంగతి ఆయనకూ తెలుసని ఆ చూపులో కనబడేది.

ఇక ఆయన ఈగల పిచ్చి ఎంతదాకా వెళ్ళిందంటే, ఎదురుగా మనిషి నిలబడితే ముందు ఆ మనిషి వేసుకున్న బట్ట కనబడేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేయి చాపి మన స్వెటర్ మీది నూగు గిల్లి, వెలుతురుకి పట్టి చూసి, "ఇది మంచి నీలం," అని చొక్కా జేబులో వేసుకునేవారు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. మా ఇంట్లో ఆరెంజ్ రంగులో, బొచ్చులా పొడుగు పోగులుండే షాగ్ కార్పెట్ ఉండేది, ఆ రోజుల్లో అందరిళ్ళలోనూ ఉండేది. ఒకసారి సోఫా జరిపి చూస్తే గోడ వారగా కార్పెట్ మూల బోడిగా ఉంది. ఎలకలేమోనని నేను కంగారుపడుతుంటే మా అమ్మాయి, "ఈగల్ అంకుల్ పుల్ చేశారు, మమ్మీ. హి సెడ్ ఇట్స్ గుడ్ ఫర్ టమ్మీ," అంది. ఎవరి టమ్మీకే అంటే, ఈగ పొట్టకట. నైలాను పోగు నీళ్ళలో రంగు మారదు, కుందేలు బొచ్చు తడిస్తే ఊపిరి పీల్చినట్టు కదులుతుంది, రెండూ కలిపి దారానికి నులిమితే అచ్చం పురుగు పొట్టేనని ఆయనే తరవాత నాకు వివరించారు. కార్పెట్ పీకినందుకు క్షమాపణ మాత్రం చెప్పలేదు.

క్రిస్మస్ అయ్యాక వీధిలో పారేసిన చెట్ల నుంచి వెండి తళుకులు ఏరుకొచ్చేవారు. చిప్స్ పాకెట్ లోపలి మెరుపు కాగితం దాచేవారు. పక్కింటి కుక్కని తన జేబు దువ్వెనతో దువ్వి, వచ్చిన బొచ్చు కాగితంలో పొట్లం కట్టేవారు. తరవాత అదే దువ్వెన జేబులో పెట్టుకునేవారు, ఛీ అంటే వినేవారు కాదు. ఒక కృష్ణాష్టమి నాడు అక్కయ్య కెవ్వున అరిచిందట. చూస్తే కృష్ణుడి పటం మీది నెమలి ఈక ఒక పక్క సగం లేదు. "స్వామికి ఇటు పక్క నుంచి చూస్తే తెలియదులే," అన్నారట ఈయన. ఆవిడ పెళ్ళి చీర జరీ అంచు మీద ఆయన కన్ను పడిందన్న సంగతి ఆవిడకి ముందే తెలుసు. ఆ చీరని బ్యాంకు లాకర్లో పెట్టించింది.

ఆయన చేసే పనుల్లో నాకు మరీ ఆశ్చర్యమనిపించింది గ్లాసు సంగతి. మనింటికొచ్చినప్పుడు మంచినీళ్ళిస్తే తాగరు. చొక్కా జేబులోంచి కొత్తగా కట్టిన ఈగని తీసి ఆ నీళ్ళలో వేసేవారు. వేసి, గ్లాసుని తలపైకి ఎత్తి, మెడ వెనక్కి వంచి, అడుగు నుంచి చూసేవారు. నీళ్ళు మొహం మీద, కళ్ళజోడు మీద కారుతున్నా పట్టించుకునేవారు కాదు. చుట్టూ జనం ఉంటే ఇంకా సంతోషం. "మనం పైనుంచి చూస్తాం. చేప కిందనుంచి చూస్తుంది. మనం బాగుందనుకుంటే ఏం లాభం? చేప నమ్మాలి," అనేవారు. నమ్మాలి అన్న చోట గొంతు తగ్గించేవారు, అదేదో రహస్యమైనట్టు. ఆ మాట విన్న ప్రతిసారీ మా పిల్ల కూడా తన పాలగ్లాసు తలపైకి ఎత్తేది, కార్పెట్ మీద పాలు. అందుకే మా ఇంట్లో ఆయనకి స్టీలు గ్లాసులోనే నీళ్ళిచ్చేదాన్ని.

ఒకసారి అక్కయ్య భోజనానికి పిలుచుకు రమ్మంటే కిందికి వెళ్ళాను. ఎనభైలు సగానికి వచ్చాయి అప్పటికి. బల్ల మీద గోధుమ రంగు ఈగ ఒకటి నిజంగా వాలినట్టే ఉంది. ముట్టుకుంటే ఎగురుతుందేమోనని చేయి పెట్టాను. గాలం నా బొటనవేల్లోకి దిగింది. గుచ్చుకున్నట్టే తెలియలేదు, చేయి వెనక్కి లాక్కుంటే ఈగ నాతోపాటే వచ్చింది. గాలం కొస దగ్గర వెనక్కి తిరిగిన బుల్లి ముల్లు ఒకటుంటుంది. లోపలికి దిగితే మళ్ళీ తేలిగ్గా రాదు. నేను హాస్పిటల్ అని ఏడుపు మొదలుపెట్టాను.

బావగారు కంగారుపడలేదు. గాలం వంపుకి దారం ఉచ్చు వేశారు. నా చేతిని బల్లకి ఆనించి, ఒక వేలితో గాలాన్ని కిందికి నొక్కి పట్టుకున్నారు. "మీ అత్తగారు మళ్ళీ ఎప్పుడొస్తున్నారు?" అని మామూలుగా అడిగారు. ఇదా సమయం అని నేను కోపంగా ఆయన మొహంలోకి చూసేలోపల దారం ఫట్‌మని లాగేశారు. గాలం ఎగిరి గోడకి తగిలింది. నేను పెట్టిన కేకకి అక్కయ్య మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చింది.

ఆశ్చర్యం అది కాదు. అంత నిబ్బరంగా లాగిన మనిషి ఆ తరవాత నా వేలు పట్టుకుని పాలిపోయి కూర్చున్నారు. "అమ్మాయ్, ఒక్క మాట సరిగ్గా చెప్పు. నొప్పి ఎప్పుడు వేసింది? గుచ్చుకున్నప్పుడా, తీసినప్పుడా?"

"గుచ్చుకున్నప్పుడు తెలియనే లేదు. తీసినప్పుడు ప్రాణం పోయినంత పనైంది," అన్నాను.

"తీసినప్పుడు," అన్నారు. భోజనం దగ్గర అన్నం కెలికి లేచిపోయారు. ఆ తరవాత చాలా వారాలు, ఫోన్లో అక్కయ్య పక్కనుంచి ఫోను అందుకుని వేలెలా ఉందని అడిగేవారు. మానిపోయింది బావగారూ అంటే, "తీసినప్పుడే కదా అన్నావు?" అని ఖాయం చేసుకునేవారు. ఈయనకి చాదస్తం ముదిరిందని నేనూ మావారూ నవ్వుకున్నాం.

ఆ మనిషి పోయిన మాట విని మేం వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్కయ్య ఏడవడం లేదు. వచ్చిన వాళ్ళందరినీ ఒకటే అడుగుతోంది. "మీకెవరికైనా తెలుసా? చేపలు పడుతున్నారని మీకెవరికైనా చెప్పారా?" ఎవరికీ తెలియదు. కట్టినవి కొట్లో ఇచ్చి వస్తానని వేసవిలో అప్పుడప్పుడు శనివారాలు డ్రైవ్ చేసుకుని వెళ్ళేవారు, చీకటి పడేలోపు వచ్చేవారు. ఆ శనివారమూ అలాగే వెళ్ళారు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు లాగు తొడుక్కుని, చేతిలో గాలపు కర్రతో, ఒడ్డున కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారట. చూసింది ఆ కొట్టు పెద్దాయనే.

కాలేజీల నుంచి పిల్లలిద్దరూ వచ్చారు, జరగవలసినవి జరిగాయి, వెళ్ళారు. ఆయన ఫోటో మాత్రం గోడకెక్కలేదు. పెరుమాళ్ళ అర తలుపు కూడా అక్కయ్య దగ్గరగా వేసి ఉంచింది. ఒకరోజు నేను చనువు కొద్దీ, దీపం పెట్టవా అక్కయ్యా అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని పెట్టనే? ఆ దీపం ముందే కదా మాటిచ్చారు," అంది. "ఇన్నేళ్ళు ఆయన మాట నమ్మి, నలుగురిలో మా ఆయన కట్టడమే గాని పట్టడం లేదని నేనూ గొప్పగా చెప్పుకున్నాను. పోతే పోయారు, అందరూ పోయేవాళ్ళమే. అబద్ధంతో పోయారే. ఇంక ఆయన చెప్పిన మాటల్లో ఏది నిజమని అనుకోను? దేన్ని తలుచుకుని ఏడవను?"

బేస్‌మెంట్‌లోని తోళ్ళూ ఈకలూ దారాలూ అన్నీ నల్ల సంచుల్లో వేసి గరాజ్‌లో పెట్టింది, చెత్త బండి వచ్చే రోజున పారేయడానికి. ఆ బండి రావడానికి ముందు రోజు మధ్యాహ్నం కొట్టు పెద్దాయన వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

డెబ్భై ఏళ్ళుంటాయేమో. ఎప్పుడూ కట్టని టై కట్టుకొచ్చినట్టు మెడ మాటిమాటికీ సవరించుకుంటున్నాడు. పికప్ ట్రక్కు వెనక నుంచి బావగారి గాలపు కర్ర, జేబుల కోటు, మడత పెట్టిన రబ్బరు లాగు తెచ్చి కిచెన్ టేబుల్ పక్కన పెట్టాడు. జేబులోంచి అల్యూమినియం డబ్బా ఒకటి తీసి టేబుల్ మీద ఉంచాడు. అక్కయ్య వాటి వైపు చూడలేదు. కాఫీ ఇవ్వనా అని కూడా అనలేదు. ఇంటికొచ్చిన మనిషికి ఆవిడ కాఫీ ఇవ్వకపోవడం నేను మొదటిసారి చూశాను.

"హౌ మెనీ ఫిష్?" అంది. "మై హస్బెండ్. హౌ మెనీ?"

పెద్దాయన నావైపు చూశాడు. తరవాత ఆవిడ వైపు చూసి, "వన్," అన్నాడు.

ఇంగ్లీషు గడగడా మాట్లాడితే మధ్యలో నేనేదో సర్దిచెప్పి తెలుగులోకి దింపుదాం అనుకున్నాను. వన్ అన్నాక ఇంక సర్దేదేముంది? అక్కయ్య కళ్ళు మూసుకుంది.

పెద్దాయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. మొదట్లో బావగారు కొట్టుకి వచ్చేవారు, ఇచ్చేవారు, వెళ్ళేవారు. నీళ్ళ దగ్గరికి రానేరారు. ఆయన కట్టిన ఈగలు మంచివని పేరొచ్చింది. మంచివని వాళ్ళూ వీళ్ళూ అంటే సరిపోదు, చేప ఏమంటుందో చూడాలి అని ఆయనే అనేవారట. 'అయితే వచ్చి చూడు, ఒక్కసారి' అని ఈ పెద్దాయనే బలవంతం చేసి నదిలోకి దింపాడు. మోకాలి లోతు నీళ్ళలో పెద్దాయన చేయి పట్టుకుని బావగారు వణికిపోయారట. ఆ రోజే చేప ఒకటి పడింది. ట్రౌట్, జానెడు కూడా లేదు. మేం చంపం, గాలం తీసి వదిలేస్తాం, దానికి ఏమీ కాదు అని పెద్దాయన చెప్పాడు. గాలం తీసేటప్పుడు అది బావగారి చేతుల్లో కొట్టుకుంది. వదిలేశాక ఆయన ఒడ్డున కూర్చుండిపోయారట, ఇంటికి వెళ్ళే వేళ దాకా.

"మళ్ళీ రాడనుకున్నాను," అన్నాడు పెద్దాయన. "మరుసటి నెలలో వచ్చాడు. రాగానే కటింగ్ ప్లయర్ ఇమ్మన్నాడు. ఎందుకన్నాను. చేపకి ఏమీ కాదని నువ్వన్నది తప్పు, గుచ్చుకున్నప్పుడు కాదు, తీసేటప్పుడు నొప్పి అన్నాడు. నీకెలా తెలుసన్నాను. తెలిసినవాళ్ళని అడిగాను అన్నాడు."

నా బొటనవేలు నాకు తెలియకుండానే పిడికిట్లోకి వెళ్ళిపోయింది. తెలిసినవాళ్ళు! ఆ బేస్‌మెంట్ బల్ల దగ్గర పాలిపోయిన ఆయన మొహం, ఆ ఫోన్లు, 'తీసినప్పుడే కదా అన్నావు' అన్న ఆ గొంతు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. చాదస్తం అని నవ్వుకున్నామే! పక్కన అక్కయ్య లేకపోతే గట్టిగా ఏడ్చేసేదాన్ని.

పెద్దాయన డబ్బా మూత తీసి నా వైపు తోశాడు. లోపల ఈగలు వరసలుగా ఉన్నాయి. మా ఆరెంజ్ కార్పెట్ ఉంది. కృష్ణుడి నెమలి ఈక ఉంది. క్రిస్మస్ తళుకు ఉంది. నేను వేలు పెట్టడానికి జంకాను. పెట్టమన్నట్టు ఆయన తల ఊపాడు. పెట్టాను. గుచ్చుకోలేదు. ఇంకోటి తీశాను, ఇంకోటి. ఒక్కదానికీ వంపు లేదు, కొస లేదు. ఈగ పొట్ట అయిపోయిన చోట గాలం కత్తిరించేసి ఉంది, ఆ చోటు ఆకురాయితో నున్నగా అరగదీసి ఉంది.

"అక్కయ్యా, ముట్టుకుని చూడు," అన్నాను. "వీటికి చేపలు పడవు. చేప వచ్చి నోట కరుచుకుంటుంది, ఊసేసి వెళ్ళిపోతుంది. అంతే. ఆ ఒక్కటీ తప్ప మరి పట్టలేదు."

ఆవిడ ఒక ఈగని తీసి అరచేతిలో పెట్టుకుంది. రెండో చేత్తో దాని మీద నొక్కింది, గట్టిగా నొక్కింది, గుచ్చుకుంటే బాగుండునన్నట్టు. అది గుచ్చుకోలేదు. ఆవిడ మొహంలో నేననుకున్న ఊరట కనబడలేదు. కోపమో దుఃఖమో నాకు తెలియనిది ఇంకేదో కనబడింది.

పెద్దాయన వెళ్ళడానికి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ఒక సంగతి అడగాలని ఎన్నాళ్ళ నుంచో ఉందన్నాడు. నదిలో ఎంత దూరంలో ఉన్నా బావగారి గొంతు వినబడేదట. చేప పైకొచ్చి ఆయన ఈగని ముట్టుకున్న ప్రతిసారీ కర్ర పైకెత్తి, నది వంపు అవతల పడవల వాళ్ళకి కూడా వినబడేట్టు ఒకటే మాట అరిచి నవ్వేవారట. మరీ సరిగ్గా పలకలేనేమో అంటూ పెద్దాయన పలికాడు.

"నమిండీ. నమిండీ! వాట్ డజ్ దట్ మీన్?"

అక్కయ్యే చెప్పింది, అరచేతిలోని ఈగని చూస్తూ.

"ఇట్ బిలీవ్డ్," అంది.

పెద్దాయన తల పంకించి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ట్రక్కు చప్పుడు మలుపు తిరిగేదాకా ఆవిడ కదలలేదు. తరవాత లేచి, గాజు గ్లాసు నిండా నీళ్ళు పట్టింది, ఆ ఈగని అందులో వేసింది. తలపైకి ఎత్తి కిందనుంచి చూసింది. నీళ్ళు చెంపల మీదుగా కారి జాకెట్టు తడిసిపోతున్నా చేయి దించలేదు.

"చేప నమ్మిందని అంతలా అరిచి నవ్వారటే," అంది గ్లాసు వైపే చూస్తూ. "ఆ ఒక్క చేప సంగతి నాకు చెబితే, నేను నమ్మేదాన్ని కాదా?"